బండరాయి చుట్టూ ముప్పై కార్లు

ప్రొడక్షన్ పనిలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "సార్, సినిమాల్లో మీరేం చేసేవారు?" అని అడుగుతారు. కార్లు ఎక్కడ ఆపాలో చూసేవాణ్ణి అంటాను. నవ్వుతారు. "అది సరే సార్, అసలు ఉద్యోగం ఏంటి?" అంటారు.

అదే అసలు ఉద్యోగం. పాతికేళ్ళకు పైగా చేశాను. దానికొక పేరు లేదు కాబట్టి తెర మీద నా పేరు పడలేదు. యూనిట్‌లో అందరూ నన్ను 'బండ్లబ్బాయి' అనేవారు. జుట్టు నెరిసిన తరవాత 'బండ్ల సార్' అయ్యాను. నాకు దక్కిన ప్రమోషన్ అంతే, కాబట్టి ప్రమోషన్ల గురించి రాయను. ఈ పని చెయ్యబోయేవాళ్ళకు పనికొచ్చే మూడు నాలుగు సంగతులు రాస్తాను. వాటిలో ఎక్కువ భాగం నా తప్పులే.

పని ఎలా మొదలైంది

కాకినాడలో సివిల్ డిప్లొమా చేసి, ఎనభైల మధ్యలో హైదరాబాదు వచ్చాను. సినిమా కంపెనీలు మద్రాసు నుంచి ఒక్కొక్కటే తరలివస్తున్న రోజులు. జూబ్లీ హిల్స్‌లో అప్పటికి రోడ్లకన్నా రాళ్ళే ఎక్కువ. సెట్లకు డ్రాయింగులు గీయడానికి ఒక నిర్మాణ సంస్థలో చేరాను. మూడో రోజున మా ప్రొడక్షన్ మేనేజర్ సూర్యం గారు నా చేతిలో కొలత టేపు చూశారు.

"ఏరా, ఆ టేపు ఖాళీగా ఉందా?"

"ఉందండీ."

"అయితే వెళ్ళి, మన జనరేటర్ బండి ఆ సందులో పడుతుందో లేదో కొలిచిరా."

కొలిచి వచ్చాను. పడుతుంది కానీ తిరగదు, వెనక్కే రావాలి అన్నాను. ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూసి, "ఇక నువ్వు గీసింది చాలు" అన్నారు. ఆ రోజుతో సెట్లు పోయి బండ్లు వచ్చాయి.

ఒక మామూలు షూటింగ్ రోజున నేను చోటు చూడాల్సిన బండ్లు ఇవి: జనరేటర్ బండి ఒకటి, లైట్ల లారీ ఒకటి, కెమెరా వ్యాను, దుస్తుల వ్యాను, భోజనాల వ్యాను, యూనిట్ బస్సు, నటీనటుల కార్లు ఆరు నుంచి పది. జనరేటర్ మోత మైకుకు వినపడకూడదు, కానీ దాని కేబుల్ లొకేషన్ దాకా అందాలి. దుస్తుల వ్యాను ఎండలో ఉండకూడదు. భోజనాల వ్యాను గాలి వచ్చే వైపు ఉండకూడదు, తాలింపు వాసన తగిలితే పదకొండు గంటలకే యూనిట్ చూపంతా అటు పోతుంది. ఇవేవీ డిప్లొమాలో చెప్పలేదు.

డబ్బు ఎవరికి ఇవ్వాలి

ఖాళీ జాగా దొరకడం ఒక ఎత్తు, దాని మనిషి దొరకడం ఇంకో ఎత్తు. చేరిన కొత్తలో ఫిల్మ్ నగర్‌లో ప్రహరీ ఉన్న ఒక ప్లాటు చూశాను. గేటు దగ్గర కుర్చీ వేసుకుని ఒక పెద్దమనిషి కూర్చున్నాడు. తెల్ల చొక్కా, చేతిలో పేపరు. మూడు రోజుల కిరాయి మాట్లాడుకున్నాం. మర్యాదగా తీసుకున్నాడు, టీ కూడా ఇప్పించాడు. రెండో రోజున ఇంకొకాయన కారులో వచ్చి, "నా స్థలంలో ఈ లారీలేమిటి?" అని అరిచాడు. కుర్చీ పెద్దమనిషి పక్కింటి వాచ్‌మన్. నీడ ఉందని ఇటు వచ్చి కూర్చునేవాడు.

నిలదీస్తే అతను కంగారు పడలేదు. "నువ్వు అడిగినవ్, నేను పెట్టుకోమన్న. నాదే అని ఎప్పుడన్న అన్ననా?" అన్నాడు. నిజమే, అనలేదు. నేను అడగలేదు. ఆ రోజునుంచి ఏ జాగాకైనా డబ్బిచ్చే ముందు ఇరుగింట్లో ఒకరిని, పొరుగింట్లో ఒకరిని, ఎదురుగా ఉన్న కిరాణా కొట్టులో ఒకరిని ఓనరు పేరు అడిగేవాణ్ణి. మూడు పేర్లూ ఒకటైతేనే జేబులో చెయ్యి పెట్టేవాణ్ణి.

ఈ తప్పుకు సూర్యం గారు రెండు రోజులు తిట్టి వదిలేశారు. తరవాత చేసిన తప్పు అంత చిన్నది కాదు.

గ్రాఫు కాగితం మీద అంతా సరిపోయింది

మా నిర్మాత వెంకటరత్నం గారు ఫిల్మ్ నగర్ కొండ వాలులో కొత్త ఆఫీసు కట్టుకున్నారు. కొత్త సినిమా ముహూర్తం ఆ ఆఫీసు ముంగిట్లోనే అన్నారు. పైకి ఒకటే దారి, పద్దెనిమిది అడుగుల వెడల్పు. ఆఫీసు గేటు దగ్గర అది ఆగిపోతుంది. వచ్చే కార్లు ముప్పై.

గ్రాఫు కాగితం మీద గీశాను. గేటునుంచి కిందికి, రోడ్డుకు ఎడమ పక్కన ఒకదాని వెనక ఒకటి ముప్పై కార్లు. వాటికి ఆరడుగులు పోగా పన్నెండు అడుగుల దారి మిగులుతుంది. ఏ వ్యానైనా హాయిగా పోతుంది. ముందు వచ్చిన కారు పైన, తరవాత వచ్చింది దాని కింద. ప్రతి చోటుకూ సున్నంతో నంబరు రాయించాను. సూర్యం గారు చూసి, "పెళ్ళి భోజనాల బంతిలా ఉందిరా" అని మెచ్చుకున్నారు.

ముహూర్తం తొమ్మిది గంటల పదహారు నిమిషాలకు. ఎనిమిదిన్నరకే ఉత్సాహంగా వచ్చిన కుర్ర హీరో కారు ఒకటో నంబరులో, గేటు పక్కన ఆగింది. తొమ్మిదింటికి మా సినిమా పెద్ద హీరో గారు వచ్చారు. ఆయన డ్రైవరు గోవిందు, మద్రాసు నుంచి ఆయనతోపాటు వచ్చినవాడు. గోవిందు అయ్యగారిని గేటు దగ్గర దించాడు. నేను వెళ్ళి, "మీది పంతొమ్మిదో నంబరండీ, కింద" అన్నాను. అతను కిందికి చూశాడు, ఒకటో నంబరులో ఉన్న కారును చూశాడు, ఇంజను ఆపేసి తాళాలు జేబులో వేసుకున్నాడు. దాని పక్కనే, రోడ్డు మధ్యలో.

మిగిలిన దారి ఆరడుగులు. అతని వెనక వచ్చిన కార్లు ఒకదాని వెనక ఒకటి నిలబడిపోయాయి.

ఇక్కడ మా సినిమావాళ్ళ ఆచారం ఒకటి చెప్పాలి. ముహూర్తం రోజున కెమెరా ముందు గుడికి వెళుతుంది. అక్కడ బొట్టు పెట్టించుకుని, పూలదండ వేయించుకుని, ఆఖరున వస్తుంది. ఏ వస్తువు లేకపోతే ముహూర్తమే లేదో ఆ వస్తువే అందరికన్నా వెనక ఉంటుంది. నాకు ఆ సంగతి తెలుసు. కాగితం మీద దానికి పన్నెండు అడుగులు వదిలాను కదా అని ధీమా.

కెమెరా వ్యాను తొమ్మిదీ ఐదుకు రెండో మలుపు దగ్గర ఆగిపోయింది. ఇద్దరు అసిస్టెంట్లు కెమెరాను ఎర్రగుడ్డలో చుట్టి భుజాన వేసుకుని ఎక్కడం మొదలుపెట్టారు. ఆ వాలు ఖాళీ చేతులతో ఎక్కడమే కష్టం. వాళ్ళు ముంగిట్లోకి వచ్చేసరికి తొమ్మిదీ ఇరవై ఒకటి. పంతులు గారు తల అడ్డంగా ఊపారు. వెంకటరత్నం గారు కొట్టడానికి చేతిలో పట్టుకున్న కొబ్బరికాయను మళ్ళీ సంచిలో పెట్టుకున్నారు.

ఆయన అరిచి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

గోదావరి జిల్లాల నుంచి వచ్చిన ఇద్దరు డిస్ట్రిబ్యూటర్లు, ఆరంభంలోనే ఇలా అయింది, ఈ సినిమా సంగతి మళ్ళీ ఆలోచిస్తామని చెప్పి ఆ మధ్యాహ్నమే వెళ్ళిపోయారు. సూర్యం గారు నన్ను పక్కకు పిలిచారు.

"పదకొండో రోజున ఇంకో ముహూర్తం ఉంది, తొమ్మిదీ నలభై రెండుకి. వాళ్ళిద్దరినీ బతిమాలి మళ్ళీ రప్పిస్తున్నారు. ఈసారీ తప్పితే సినిమా లేదు. నువ్వు కాకినాడ బస్సెక్కు."

"చిత్తమండీ."

"ఒక్కడివే అనుకోకు. నీ వెనక సీట్లో నేనుంటాను."

గోవిందును అడిగాను

మర్నాడు గోవిందును టీ కొట్టు దగ్గర పట్టుకున్నాను. మనసులో తిట్లు సిద్ధంగా ఉన్నాయి. కానీ నాకు కారణం తెలియాలి. కారణం తెలియకుండా ఇంకో డ్రాయింగు గీస్తే ఇంకో తప్పు గీసినట్టే.

"గోవిందు గారూ, నిన్న కిందికి ఎందుకు వెళ్ళలేదండీ? అయ్యగారు కోప్పడతారనా?"

"అయ్యగారా? ఆయనకి కారెక్కడుందో కూడా పట్టదు బాబూ. బయటికొస్తే నేనుండాలంతే."

"మరి?"

టీ గ్లాసు కింద పెట్టాడు. "ఆ కుర్రాడి కారు పైన, మా కారు పద్దెనిమిది కార్ల కింద. మిగతా డ్రైవర్లు ఏమంటారో తెలుసా? 'ఏం గోవిందూ, మీ అయ్యగారికి సినిమాలు తగ్గినట్టున్నాయే' అంటారు. సాయంత్రానికి అది స్టూడియోలన్నీ తిరుగుతుంది. వారం తిరిగేసరికి నిజమైపోతుంది. పోస్టరు మీద పేరెక్కడ వెయ్యాలో నెలరోజులు కొట్టుకుంటారు కదా, మా పోస్టరు ఇదే."

"అయితే మిమ్మల్ని ఒకటో నంబరులో పెడితే సరిపోతుందా?"

"నాకు సరిపోద్ది. రెండో నంబరు ఎవరికిస్తావ్?"

ముప్పై కార్లు, ముప్పై మంది డ్రైవర్లు, ప్రతి ఒక్కరికీ ముందు వరస కావాలి. నేను కార్ల పొడవు కొలిచాను, వెడల్పు కొలిచాను, హోదా కొలవలేదు. ఆ మాట పుస్తకంలో రాసుకుని లేచాను.

మల్లయ్య బర్రెలు

రోడ్డు మీద ఒక్క కారు కూడా ఉండకూడదు అన్నది మొదటి నిర్ణయం. అంటే మనుషుల్ని పైన దించి, కార్లు కిందికి వచ్చి వేరేచోట ఆగాలి. ఆ చోటు కోసం నాలుగు రోజులు తిరిగాను. ఐదో రోజున కొండ దిగి షేక్‌పేట వైపు వెళితే, అరెకరానికి కాస్త ఎక్కువ ఉన్న ఖాళీ జాగా కనిపించింది. మధ్యలో ఇల్లంత బండరాయి. దాని చుట్టూ గుండ్రంగా బర్రెలు కట్టేసి ఉన్నాయి, అన్నీ తోకలు రాయి వైపు, మొహాలు బయటికి. పాలు పితుకుతున్న మనిషి తల ఎత్తాడు.

"ఏంది సారూ, గట్ల జూస్తున్నవ్? బర్రెను కొంటవా?"

"లేదండీ. ఒక పూట మీ జాగా కావాలి. కార్లు పెట్టుకోడానికి."

"సినిమా కార్లా? నా బర్రెలు యాడ పోవాలె మరి? మీ ఆఫీసుల కూసుంటయా?"

ఆయన పేరు మల్లయ్య. తాతల కాలంనుంచి ఆ జాగా వాళ్ళదే. మూడు చోట్ల అడిగి రూఢి చేసుకున్నాను లెండి. నేను మాట్లాడుతున్నానే గానీ చూపు బర్రెల మీదే ఉంది.

"మల్లయ్య గారూ, వీటిని ఇలా రాయి చుట్టూ ఎందుకు కట్టారు?"

"లైన్ల కడితే కుమ్ముకుంటయ్ సారూ. ముందుగాల ఉన్నదానికి గడ్డి ఎక్కువ దొరుకతదని ఎనుకున్నదానికి కోపం. గిట్ల ఈ రాతిగుండు సుట్టు కడితే ముందేది, ఎనుకేది? అన్ని సల్లగ పడుంటయ్."

నేను అక్కడే, పేడ పక్కనే, గొంతుక్కూర్చుని పుస్తకం తీశాను. రాయి చుట్టూ అరవై అంగలు వేశాను, అంటే దాదాపు నూట యాభై అడుగుల చుట్టుకొలత. రాయినుంచి పద్నాలుగు అడుగులు వదిలి, కార్ల వెనక భాగం రాయి వైపు, మొహం బయటికి. కారుకు ఎనిమిది అడుగులు. లెక్క వేస్తే సరిగ్గా ముప్పై వచ్చాయి. రెండుసార్లు వేసినా ముప్పయ్యే. పైగా ఏ కారైనా ఇంకో కారును కదపకుండా బయటికి పోవచ్చు.

"ఏమైంది సారూ, నవ్వుతున్నవ్?"

"మీ బర్రెలు నా ఉద్యోగం కాపాడేట్టున్నాయండీ."

"గట్లనా? మరి వాటికేమిస్తవ్?"

కిరాయి ఎంతో చెప్పమన్నాను. మల్లయ్యకు డబ్బు మీద ధ్యాస లేదు. పడమటి పక్క నేల చెమ్మగా ఉండేది. గడ్డి లారీ వస్తే చక్రాలు దిగబడేవి. "పైసలు ఖర్చయితయ్. నాకు మొరం కొట్టించు. మీ కార్లు గూడ దిగబడయ్. మీరు పోయినంక నాకుంటది" అన్నాడు. చెమ్మ ఉన్న మేరకు కొలిచాను. ఆరు లారీల మొరం, అంటే ఎర్ర కంకరమట్టి, పడుతుంది.

సూర్యం గారు వినగానే కుర్చీలోంచి లేచారు. "ఒక పూట పార్కింగుకి ఆరు లారీలా? నీకు డ్రాయింగ్ వచ్చుగానీ బేరం రాదురా!"

వెంకటరత్నం గారు గదిలో ఓ మూల కూర్చుని వింటున్నారు. నన్ను ఒకటే అడిగారు.

"ఆ రోజు నా కెమెరా బండి దారిలో ఆగుతుందా?"

"ఆగదండీ. దారిలో ఒక్క కారూ ఉండదు."

"మొరం తోలించండి సూర్యం గారూ."

తూర్పు మొహం

ముందు రోజు పొద్దున గోవిందును తీసుకెళ్ళి బండరాయి చూపించాను. అతను కారుతో చుట్టూ ఒకసారి తిరిగాడు. "ముందు వరస ఏది?" అన్నాడు. అంతా ముందు వరసేనండీ అన్నాను. ఇంకోసారి తిరిగి, స్టీరింగు మీద చెయ్యి కొట్టి నవ్వాడు. నేను గెలిచేశానని అనుకున్నాను.

ముహూర్తం రోజున ఎనిమిదిన్నర నుంచి కార్లు పైన మనుషుల్ని దించి, కొండ దిగి జాగాలోకి రావడం మొదలైంది. పదిహేను కార్ల దాకా బ్రహ్మాండంగా సాగింది. పదహారో కారు డ్రైవరు కిటికీలోంచి తల బయటికి పెట్టి, "తూర్పు మొహం ఎటండీ?" అన్నాడు.

చూపించాను. అదే నేను చేసిన తప్పు. శుభకార్యం రోజున కారు తూర్పుకు మొహం పెట్టి ఉండాలని అతనికి పట్టింపు. అటు చోట్లు అప్పటికే నిండాయి. అతను లోపలున్న ఒక డ్రైవర్ని తీయమన్నాడు, ఆ డ్రైవరు తీయనన్నాడు. వెనక వచ్చినవాళ్ళకు కూడా తూర్పే కావాల్సి వచ్చింది. నిమిషంలో జాగా ముఖద్వారం దగ్గర ఏడు కార్లు నిలబడిపోయాయి. ఇంకో నాలుగు వస్తే తోక మెయిన్ రోడ్డు మీదికి, కెమెరా వ్యాను మలుపు తిరగాల్సిన చోటికి వెళుతుంది. గడియారం చూశాను. తొమ్మిదీ పది. ముందూ వెనకా లేకుండా చేశాను గానీ దిక్కులు లేకుండా చెయ్యలేకపోయాను.

"నా బర్రెలకు వాస్తు తెల్వది సారూ" అన్నాడు మల్లయ్య జాలిగా.

అప్పుడు గోవిందు వచ్చాడు. నిలబడిన కార్లను చూశాడు, నా మొహం చూశాడు. పక్కనున్న సందులోంచి కారు లోపలికి పోనిచ్చి, తూర్పు వైపు కన్నెత్తి చూడకుండా, రాయికి పడమటి పక్కకు వెళ్ళి వెనక్కి తిప్పి పెట్టాడు. దిగి, తలుపు వేసి, అందరికీ వినపడేలా అన్నాడు:

"అయ్యగారి కారు ఎండలో పెట్టే మొహమేనా ఇది? నీడంతా ఇటుంటే అటు కొట్టుకుంటారేంట్రా?"

నిజమే. ఎండాకాలం పొద్దుటి ఎండ. బండరాయి నీడ పడమటి పక్క కొత్త మొరం మీద చల్లగా పరుచుకుని ఉంది. పెద్ద హీరో గారి కారు అక్కడుంది. తూర్పు గొడవ ఎక్కడికి పోయిందో పోయింది. తూర్పే కావాలన్న పదహారో కారు అందరికన్నా ముందు పడమటికి పరిగెత్తింది. తూర్పున చోటు పట్టుకున్నవాళ్ళలో ఇద్దరు లేచి ఇటు రాబోతే మల్లయ్య కర్ర అడ్డం పెట్టి, "ఉండుండ్రి, మీకు తూర్పున్నది గద!" అని ఆపాడు. ఐదు నిమిషాల్లో ముఖద్వారం ఖాళీ.

తొమ్మిదీ ఇరవై రెండుకు పూలదండ వేసుకున్న కెమెరా వ్యాను మెయిన్ రోడ్డు మీద కనిపించింది. మలుపు తిరిగి, ఖాళీ దారి వెంట, ఎక్కడా బ్రేకు వెయ్యకుండా, కొండ పైదాకా ఒక్క ఊపులో వెళ్ళింది. నేను దాని వెనకే పరిగెత్తాను.

గోవిందును తరవాత అడిగాను, ఎందుకలా చేశారని. "పెద్ద కారు ఎటుంటే అదే ముందు బాబూ, అది నీకు తెలీదు" అన్నాడు. మళ్ళీ తనే, "ముప్పై ఏళ్ళుగా బండి నడుపుతున్నా. ఇక్కడ పెట్టు, అక్కడ తియ్యి అన్నవాళ్ళేగానీ, ఎందుకు పెట్టవయ్యా అని నన్ను అడిగినవాడు నువ్వొక్కడివే" అన్నాడు.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పేది ఇందులోనే ఉంది. టేపు తీసుకెళ్ళండి, తప్పకుండా కొలవండి. డ్రైవర్ని కూడా అడగండి.

ఆ జాగా తరవాత ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను. మిగతా కంపెనీలవాళ్ళు మొరం వేసిన చోటు చూసి మల్లయ్య దగ్గరికి రావడం మొదలుపెట్టారు. బర్రెల్ని వెనక్కి జరిపి, రాయి మీద సున్నంతో 'కార్లు నిలుపు స్థలం' అని రాయించాడు. పూటకింతని చీటీలు ఇచ్చేవాడు. తొంభైల్లో ఫిల్మ్ నగర్ రోడ్లన్నీ కార్లతో బిగుసుకుపోయాక ఆ చీటీ దొరకడమే గొప్పగా ఉండేది. నేను వెళ్ళినా చీటీ చింపేవాడు. "నీకు మాఫీ చేస్తే నీ లెక్క తప్పుతది సారూ" అనేవాడు. సంతోషంగా ఇచ్చేవాణ్ణి.

కొబ్బరికాయ

ఇక ఆ రోజు. తొమ్మిదీ నలభై రెండు. ముంగిట్లో కెమెరా స్టాండు మీద నిలబడి పావుగంట అయింది. డిస్ట్రిబ్యూటర్లు ఇద్దరూ ముందే నిలబడ్డారు. క్లాపు పడింది, చప్పట్లు మోగాయి. వెంకటరత్నం గారు సంచిలోంచి కాయ తీసి ఒక్క దెబ్బకు కొట్టారు. సరిగ్గా సగానికి పగిలింది.

ఆయన నన్ను వెతుక్కుంటూ వచ్చారు. "కెమెరా బండి ఎప్పుడొచ్చిందయ్యా? నాకు చప్పుడే తెలీలేదు" అన్నారు. ఈ ఉద్యోగంలో ఇంతకన్నా పెద్ద మెప్పు లేదు. తరవాత ఒక చిప్ప నా చేతిలో పెట్టి, "ఇది ఆ రోజు కాయే. మార్చలేదు" అన్నారు.

సూర్యం గారు పిట్టగోడ దగ్గర నిలబడి కిందికి చూస్తున్నారు. డిస్ట్రిబ్యూటర్లను పిలిచి చూపిస్తున్నారు. అక్కణ్ణించి చూస్తే రాయి చుట్టూ ముప్పై కార్లు, సగం ఎండలో సగం నీడలో, పువ్వు విచ్చుకున్నట్టున్నాయి. "మావాడే గీశాడండీ. ఆ మొరం ఐడియా నాది" అంటున్నారు. అననిచ్చాను.

చిప్ప తీసుకుని కొండ దిగాను. రాయి నీడలో గోవిందు, మల్లయ్య బీడీ కాలుస్తూ కూర్చున్నారు. "అయిందా?" అన్నాడు గోవిందు. టైముకి అయిందన్నాను. మల్లయ్య చిప్పను బండకు వేసి కొట్టి మూడు ముక్కలు చేశాడు. తన ముక్కను వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నా బర్రెల తెలివికి గింతేనా సారూ?"